ఎగిరే చేపలు నేసిన తెరచాప

సూరత్ పాండేసరలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే అంబదాసుకు జీవితంలో ఒకటే కొరత. అతను మాట మొదలుపెడితే వినేవాళ్లు లేచిపోతారు. చాయ్ బండి దగ్గర గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగుతారు. ఆ పైన ఒకడికి షిఫ్టు గుర్తొస్తుంది, ఇంకొకడికి ఇంట్లోంచి ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది.

ఆ కొరత రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్లో తీరింది. సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడి ఆసుపత్రుల్లో మంచాలు దొరక్కుండా పోయినప్పుడు, తెలుగు నేతవాళ్ల సంఘం తమ పెళ్లిళ్ల హాల్లోనే పన్నెండు మంచాలు వేసింది. అంబదాసుకు ఏడో మంచం వచ్చింది. జ్వరం రెండు రోజుల్లో దిగిపోయింది గానీ పద్నాలుగు రోజులు గడప దాటొద్దన్నారు. చుట్టూ పదకొండు మంది. వాళ్లూ దాటడానికి లేదు.

అంబదాసు ఆ వారం పడ్డ సుఖం ఇంతా అంతా కాదు. సోమవారం చిరుతను చెవి పట్టుకుని పొలిమేర దాటించాడు. మంగళవారం తాపీ నదికి వరదొస్తే అడ్డంగా పడుకుని సగం నీళ్లు ఆపాడు. ఆరో మంచం ముత్యం ప్రతి మాటకూ అడ్డం పడేవాడు. పదో మంచం సోమలింగం ముసలాయన మాత్రం అన్నీ బుద్ధిగా విని లెక్కలడిగేవాడు. అంబదాసుకు ఇద్దరూ కావాలి.

ఎనిమిదో మంచం మాత్రం పలకలేదు. దాని మీద రాజనర్సు. అంబదాసు పనిచేసే ఖాతాలోనే, అంటే మగ్గాల షెడ్డులోనే, పక్క వరసలో సాంచెలు నడుపుతాడు, వయసులో పదేళ్లు పెద్ద. మూడు రోజుల కిందట తొమ్మిదో మంచం మీది నరహరికి ఊపిరందక అంబులెన్సులో తీసుకుపోయారు. అప్పట్నించి రాజనర్సు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పళ్లెం వచ్చినట్టే తిరిగిపోతోంది.

ఆ సాయంత్రం ఖిచిడీ పళ్లేలు పంచాక, హాలు చూసుకునే సంగీత అంబదాసు మంచం దగ్గర ఆగింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, నర్సింగు చదువుతోంది.

"అంబదాస్ కాకా, రాజనర్సు కాకా రెండు దినాల సంది ఒక్క బుక్క తినలె. ఆక్సిజన్ తొంభై మూడు చూపిస్తుంది. రేపు గూడ గిట్లనే ఉంటే సివిల్ దవఖానకు పంపుడే అంటున్నరు డాక్టర్ సాబ్. ఆడ జగా లేదు."

"నరహరి సంగతి చెప్పకపోయినవా?"

"చెప్పిన కాకా. ఆక్సిజన్ పెట్టిండ్రు, ఫోన్ల మాట్లాడిండు, ఠీక్ ఉన్నడు అన్న. నమ్ముతలేడు. నన్ను సముదాయిస్తున్నవ్ బిడ్డా అంటడు."

సంగీత రాజనర్సును లేపి కూర్చోబెట్టి, పళ్లెం ఒళ్లో పెట్టి వెళ్లింది. ఆయన పళ్లెం వంక చూడలేదు. గోడనే చూస్తున్నాడు. అంబదాసు ఆ మెడ మీది నరాలు చూశాడు. వారం కింద అవి అలా తేలి లేవు. నిజం చెప్తే నమ్మని మనిషికి తన దగ్గరున్నదేమిటా అని ఒక్క క్షణం ఆలోచించాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేనొకపారి సముద్రం మీద చాయ్ పెట్టిన," అన్నాడు.

"ఉధ్నా ఖాడీ కాలువలనా?" అన్నాడు ముత్యం.

"కరీబియన్ల."

"అదేడుంది?"

"వెస్టిండీసోళ్లు క్రికెట్ ఆడుతరు గద, గా దిక్కు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొన్న చలికాలంలో ఓనరు చీరల పార్సిలిచ్చి పంపితే, అంబదాసు కతర్‌గామ్‌లో ఒక వజ్రాల సేఠ్ ఆఫీసులో అరగంట నిలబడ్డాడు. అంతసేపూ గోడ మీది టీవీలో ఆ సేఠ్ కుటుంబం తెరచాప ఓడను నడిపేవాళ్లతో సహా కిరాయికి తీసుకుని చిన్న చిన్న దీవుల్లో తిరిగిన సెలవుల వీడియో నడిచింది. అంబదాసుకు అరగంట చాలు.

"ఏడేండ్ల కింద మన ఓనరు పాత సాంచెలమ్మి కొత్తయి తెచ్చిండు, యాదికున్నదా? రెండు నెలలు ఖాళీ. నేను ఊరికి వోతున్నని అందరికి చెప్పిన. ఊరికి వోలె. కతర్‌గామ్ హీరా సేఠ్ ఇంటోళ్లను తీస్కొని కరీబియన్ పోయిండు. పొగ ఇడిశే ఓడ గాదు, తెరచాప ఓడ. దాని ఎంబడి కప్తానొకడు, తాళ్లు గుంజేటోళ్లు ఇద్దరు, వంటామె. సేఠ్ కాలు మీద కాలేసుకొని కూసునుడే. గని ఆ వంటామెకు చాయ్ రాదు. ఉడుకునీళ్లల్ల ఆకు ముంచి ఇస్తది. సేఠ్ ఒకనాడు తాగిండు, రెండోనాడు తాగిండు, మూడోనాడు ఏడ్సిండు. అంబదాస్‌భాయ్‌ను పిలిపియ్యుండ్రి అన్నడు."

"సేఠ్‌కు నువ్వెట్ల ఎర్క?" అన్నాడు ముత్యం.

"సూరత్‌ల నా చాయ్ ఎర్క లేనోడివి నువ్వొక్కనివే. సరే, విమానంల దింపిండ్రు. ఓడెక్కిన. గాలి పడితే ఆ ఓడ ఒక్క పక్కకు ఒరుగుతది. పొయ్యి ఒరుగుతది, గిన్నె ఒరుగుతది. గప్పుడేం చేసిన్నో ఎర్కేనా? ఓడ ఇటొరిగితే నేను అటొరిగిన. నేనొరుగంగనే ఓడ సక్కగైంది. కప్తాన్ ఉరికొచ్చి, నా ఓడను ఎవలు నిలవెట్టిండ్రు అన్నడు. చాయ్ ఒక్క బొట్టు ఒలకలె."

పక్క మంచం మీద రాజనర్సు మెడ కొంచెం ఇటు తిరిగింది. అంబదాసు చూడనట్టే చూశాడు.

"దీవులంటరా, చిన్నయి. బెక్వే అని ఒకటున్నది, అది జర పెద్దది, మన లింబాయత్ బస్తీ అంత. ఎనుక మేరో, అది మన ఖాతా అంత. దాని ఎనుక ఒకటొచ్చింది, గీ మంచమంత. ఒక మనిషి నిలవడి ఉన్నడు. మేం దిగుతమంటే, జర ఆగుండ్రి, నేను దిగినంక మీరెక్కుండ్రి అన్నడు."

"ఆ దీవికి సర్పంచ్ ఉంటడా?" అన్నాడు సోమలింగం.

"ఆయనే సర్పంచ్. పోలీసు గూడ ఆయనే. మాస్కు పెట్టలేదని ఆయనకాయనే చలానా రాసుకున్నడు."

రాజనర్సు వేళ్లు ఖిచిడీలోకి వెళ్లాయి. ఒక ముద్ద కలిపాయి. కళ్లు గోడ మీదే ఉన్నాయి గానీ ముద్ద నోటికి చేరింది.

"ఏడేండ్ల కింద మాస్కేంది?" అన్నాడు ముత్యం.

హాలు నవ్వింది. అంబదాసు కథ ఆగింది. కథ ఆగగానే పళ్లెంలో చెయ్యి కూడా ఆగింది. అంబదాసు అది చూశాడు. ఇన్నేళ్లుగా తనకోసం కోతలు కోశాడు గానీ, ఆగితే ఒక మనిషి పస్తు పడుకుంటాడన్న కోత ఎప్పుడూ కోయలేదు.

"వాళ్లు మనకన్న ముందుంటరు ముత్యం," అన్నాడు గబగబా. "సముద్రం గాలి ముందుగాల వాళ్లనే తాకుతది. నువ్వు అడ్డం పడకు, అసలు ముచ్చట ఇప్పుడొస్తుంది. గాలి లేసింది. మామూలు గాలి గాదు. సముద్రంల నీళ్లు మొగులు మీద పోసి, మొగులును తెచ్చి కిందేసింది. చేపలు పైన ఈదుతున్నయ్, పిట్టలు కింద ఈదుతున్నయ్. పెద్ద తెరచాప నడిమికి ఫర్రుమని చినిగింది. సేఠ్ ఏడుస్తుండు. కప్తాన్ మోకాళ్ల మీద కూసున్నడు. ఏంది మీ దుఃఖం అన్న. తెరచాప పోయింది అన్నరు. తెరచాప అంటే గుడ్డేనా? గుడ్డే. సూరతోని ముంగట గుడ్డ లేదని ఏడుస్తార అన్న."

ఈసారి నలుగురైదుగురు మంచాల మీద లేచి కూర్చున్నారు. అందరూ బట్ట నేసేవాళ్లే. రాజనర్సు రెండో ముద్ద, మూడో ముద్ద తిన్నాడు.

"ఈ దిక్కొక దీవి, ఆ దిక్కొక దీవి, నడుమ మా ఓడ. కొబ్బరిపీచు వడికి పోగులు దీసిన. ఓడ ముక్కుకెల్లి తోక దాక పడుగు గుంజి కట్టిన. ఓడ ఊగుతది గద, ఆ ఊగుడే దెబ్బ. పేక కొట్టుడు దానంతట అదే అయితుంది."

"నాడె ఏది?" అన్నాడు సోమలింగం. నాడె లేకపోతే పేక పోగును ఇటునుంచి అటు తీసుకుపోయేదేమీ ఉండదు. ఆయన అడిగింది న్యాయమైన మాట.

"ఆడ ఎగిరే చేపలుంటయ్."

ముత్యం పక్కకు తిరిగి నవ్వాడు. "చేపలు ఎగురుతయా?"

"ఫోన్ల సూడు."

ముత్యం ఫోన్ తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఉన్నయే," అన్నాడు చిన్నగా. ఆ ఒక్క నిజంతో అంబదాసుకు పది అబద్ధాల బలం వచ్చింది.

"ఒక చేప నోట్ల పోగు వెట్టి ఇడిశిన. ఈడికెల్లి ఆడికి దుంకింది. పోగు పడ్డది. ఆడ ఇంకోటి అందుకొని ఇటు దుంకింది. ఇంకో పోగు."

"పోగు చుట్టిన కండె ఖాళీ అయితే?" అన్నాడు సోమలింగం.

"ఖాళీ అయిన చేప పక్కకు జరుగుతది, నిండిన చేప వస్తది. ఆటోమేటిక్."

"నిమిషానికి ఎన్ని పిక్కులు, ఎన్ని పేకపోగులు పడ్డయ్?" అన్నాడు ముసలాయన.

"మొదలు నూటిరవై. చేపలకు అలవాటైనంక ఆరు వందలు. కండ్లకు కనవడ్తలేవు, చప్పుడే. పగటి షిఫ్టు చేపలు దిగంగనే రాత్రి షిఫ్టు చేపలెక్కినయ్. పెద్ద తిమింగలం ఒకటి పైకొచ్చి, మన ఓనరు తీరుగ నడుముకు చేతులు వెట్టుకొని సూసింది."

"తిమింగలానికి నడుమెక్కడిది?" అన్నాడు ముత్యం.

"చేతులు వెట్టినకాడే నడుము. ఇను. అరవై అడుగులైంది, ఇగ సాలు అన్న. చేపలు ఇంటలేవు. పని మరిగినయ్. నూరడుగులు, వెయ్యడుగులు. తెరచాప మొగులుకు ముట్టింది. ఎండ అడ్డమైంది. బెక్వేల జనం పొద్దుగూకిందనుకొని దీపాలు పెట్టి, తిని, పండుకున్నరు. తెల్లారుతలేదని మూడొద్దులు లేవలె."

సంగీత గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఆమె చూపు పళ్లెం మీద ఉంది. పళ్లెంలో మెతుకు లేదు. రాజనర్సు వేలితో అంచు తుడుస్తున్నాడు.

"పన్నా ఎంత?" అన్నాడు రాజనర్సు.

మూడు రోజులుగా సరిగా వాడని గొంతు, గీరుకుపోయి వచ్చింది. హాలంతా ఎనిమిదో మంచం వైపు తిరిగింది. అడిగింది బట్ట వెడల్పు.

"ఎనభై అడుగులు నర్సన్నా."

"కొబ్బరి పోగు. ఉప్పు నీళ్లు. తెగలేదా?"

"తెగకుంట ఉంటదా. నిమిషానికి రెండు తెగుతుండె."

"తెగినప్పుడల్ల అతికినవా?"

"అతికిన."

"నువ్వే?"

"నేనే నర్సన్నా. ఇంకెవలున్నరు ఆడ?"

రాజనర్సు పళ్లెంలోనే చెయ్యి కడిగాడు. తొందరపడలేదు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని, మంచం మీద పూర్తిగా ఇటు తిరిగి కూర్చున్నాడు.

"అంబదాసూ, పదహారేండ్ల సంది నీది నాది పక్క పక్క సాంచెలు. నీ సాంచె మీద పోగు తెగితే నన్ను పిలవకుంట ఒక్కటన్న అతికినవా? నర్సన్నా కండ్లు ఆనుతలేవంటవ్. నర్సన్నా వేళ్లు వణుకుతున్నయంటవ్. నేను నా సాంచె బందువెట్టి నీ కాడికి రావాలె. నీ పోగులతికి అతికి నా నడుము వోయింది. ఆ ఓడ మీద నేనైతె లేను. మరి అతికిందెవ్వడు?"

ముందు సోమలింగం నవ్వాడు. తర్వాత ముత్యం దిండులో మొహం పెట్టుకుని నవ్వాడు, నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. హాల్లో మంచాలన్నీ కిర్రుమన్నాయి. "ధీరే, కాకా, మెల్లగ," అంటూ సంగీత హాల్లోకి వచ్చి, రాజనర్సు వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ తగిలించింది. తొంభై ఐదు. ఆయన అది పట్టించుకోలేదు. జవాబు కోసం అంబదాసు మొహంలోకే చూస్తున్నాడు.

అంబదాసు దొరికిపోవడం కొత్తేమీ కాదు, తప్పించుకోవడం కూడా. ఆ క్షణానికి నాలుక మీద రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పీతల గుంపు వచ్చి కొండీలతో ముడులేసిందనొచ్చు. సేఠ్ పెళ్లాం జడలల్లే చేత్తో అతికిందనొచ్చు. కానీ ఎదురుగా రాజనర్సు తగవుకు కూర్చున్నవాడిలా కూర్చున్నాడు, ఎంతసేపైనా వాదించేటట్టున్నాడు. ఆ మొహం చూశాక రెండు జవాబులూ అంబదాసు మింగేశాడు.

"అందుకే నర్సన్నా," అన్నాడు తల దించుకుని, "ఆ తెరచాప రెండు కోసులు పోంగనే మళ్ల చినిగింది. నువ్వు లేకనే."

రాజనర్సు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత తలాడించాడు.

"గీ ఒక్క ముక్క నమ్ముత," అన్నాడు.