గడిలో చిల్లు

ముందు ఏది జరిగిందో, తర్వాత ఏది జరిగిందో మాత్రం నన్ను నిలదీయకు చెల్లీ. వరస తప్పుతుందేమో నాకే తెలీదు. తప్పితే నువ్వే సర్దుకో. ఇన్నేళ్ళ తోడికోడలివి, నా మాటలు సర్దుకోవడం నీకు కొత్తా ఏమిటి?

కాస్త కూర్చోనీ. ఈ మెట్లు ఎవరు కట్టారో గానీ, పైకొచ్చేసరికి ఎందుకొచ్చానో మర్చిపోయేంత ఎత్తు. అదుగో, నవ్వకు. ఇవాళ ఆ మాట మీద నవ్వే ఓపిక నాకు లేదు.

పొద్దున అడిగావు కదా, "అక్కా, పోయిన గురువారం గళ్ళలో ఈ చిల్లేమిటి?" అని. పురుగు కొట్టిందన్నాను. పురుగూ లేదు, పాడూ లేదు. ఆ పురుగుని నేనే.

మన పద్ధతి బయటివాళ్ళకి చెబితే నవ్విపోతారు. రెండు వాటాలకీ ఒకే పేపరు, అందులో ఒకే గళ్ళ నుడికట్టు. పొద్దున్నే నేను కింద పెన్సిల్‌తో గళ్ళు నింపాలి, పదింటికల్లా రబ్బరుతో తుడిచి పైకి పంపాలి. మధ్యాహ్నం నువ్వు దర్జాగా పెన్నుతో నింపాలి. జిరాక్సు తీయించుకోవచ్చుగా అంటాడు మా పెద్దాడు. వాడికేం తెలుసు? నువ్వు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి నా జవాబుల ఆనవాళ్ళు వెతుక్కుంటావని నాకు తెలీదనుకున్నావా? అందుకే అంత గట్టిగా తుడుస్తాను.

సరే. పోయిన బుధవారం నువ్వు మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళావా. గురువారం గళ్ళు నింపాను, తుడిచాను. పైకి పంపడానికి నువ్వు లేవు. నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద పడేశాను. శుక్రవారం పేపరేమో పెద్దాడు తన గదిలోకి పట్టుకుపోయాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని, స్టూలు మీదున్న కాగితం తీసుకుని మళ్ళీ కూర్చున్నాను.

అవును. అదే కాగితం.

నలభై నిమిషాలు పట్టింది. అన్నీ నింపి, ఇంత తొందరగా అయిపోయిందేమిటా అని మురిసిపోయాను కూడా. మెదడుకి వ్యాయామమని డాక్టరమ్మ చెప్పింది నిజమేననుకుంటూ, ఇంకో కాఫీ కలుపుకుని తాగాను. బహుమానం.

తర్వాత నా తప్పుల పుస్తకం తీశాను. నా తప్పులు కాదులే, ఆ గళ్ళు కూర్చే గళ్ళాయనవి. నీకు తెలుసుగా, రోజూ ఆయనకి పదికి మార్కులు వేస్తాను. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి పైకొచ్చినదాన్ని. ఇంకొకరికి మార్కులు వేసే యోగం మరెక్కడ దొరుకుతుంది నాకు?

ఆయన మటుకు తక్కువవాడా? "నీటి మీద తేలేది" అంటాడు, పడవట. చెక్క తేలదా, బాతు తేలదా? "చందమామలో సగం" అంటాడు. ఏ సగమయ్యా, ముందుదా, వెనకదా? అక్షరాలు కుదరనప్పుడల్లా "తిరగబడిన కాకి." కికా. అదొక మాటేనా? ఎవరైనా ఎప్పుడైనా కికా అన్నారా?

ఆ రోజు గళ్ళలో ఇంకోటి ఉంది. "ఇంట్లో అందరికన్నా ముందు లేచేది, మూడక్షరాలు." నువ్వేం రాశావు? చీపురని వెంటనే రాసేశావా? నీ బుర్ర చురుకు. నేను ముందు కోడలు అని రాశాను. కుదర్లేదు. తుడిచి, పావుగంట పైకప్పు చూసి, అప్పుడు చీపురు రాశాను.

పుస్తకంలో ఎక్కించబోతే ఏముంది? పై పేజీలో, నిన్నటి తేదీ కింద, నా చేతిరాతే. "ముందు కోడలు అని రాశాను. చీపురు తనంతట తాను లేస్తుందా? దాన్ని లేపేవాళ్ళకి ఒక్క గడి అయినా ఇవ్వలేకపోయాడు. పదికి మూడు." నేను ఇప్పుడు రాయబోతున్న మాటలే. ఆ మూడు మార్కులతో సహా.

నీకైతే ఏం తోచేది? రెండోసారి నింపానేమో అని తోచేదా, లేదా? నాకు తోచలేదమ్మా. దొరికాడు దొంగ, అనుకున్నాను. నిన్న వేసిందే ఇవాళ మళ్ళీ వేశాడు, చదివేవాళ్ళకి మతి లేదనుకున్నాడా అని మండిపడ్డాను.

పేపరాఫీసుకి ఫోన్ చేశాను. ఆ పేజీ చూసే అమ్మాయి పాపం వినయంగానే మాట్లాడింది. "ఎన్నేళ్ళుగా నింపుతున్నారమ్మా?" అంది. "నువ్వు పుట్టకముందు నుంచి," అన్నాను. గొంతులో ఆ గర్వం నువ్వు వినాల్సింది. తేదీలు చెప్పాను, ఆధారాలు చెప్పాను. ఆయనకి చెప్తామంది. పేపరు తిరగేసి చూసుకోవచ్చుగా? చూసుకోలేదు. నేనంత ధీమాగా చెప్తే ఎవరు చూస్తారు?

సోమవారం సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. గళ్ళాయనే.

పోట్లాటకొచ్చాడనుకుని కొంగు బిగించాను. ఆయనేమో, "క్షమించండమ్మా," అన్నాడు. అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు సీసం అక్షరాలు పేర్చాడట. పదిహేను రోజుల గళ్ళు ఒక్కసారే గీసి పంపేస్తాడట, నకలు ఉంచుకోడట. "మీరు తేదీలతో సహా చెప్పారంటే నిజమే అయ్యుంటుంది. ఒకటే రెండుసార్లు పంపేసి ఉంటాను. మా ఆవిడ రెండేళ్ళుగా అంటోంది, మీకు మతిమరుపు మొదలైందని. నేనే ఒప్పుకోలేదు," అన్నాడు. వచ్చే సోమవారం నుంచి మానేస్తానని ఆ అమ్మాయితో చెప్పేశాడట.

అప్పుడు నేనేమన్నానో విను. బాదంపప్పు నానబెట్టుకుని తినమన్నాను. సాయంత్రం పూట నడవమన్నాను. అక్కడితో ఆగానా? "గళ్ళు నింపుతూ ఉండండి, మెదడుకి మంచిది," అని ఆయనకే సలహా చెప్పాను. చెల్లీ, ఆయనకి.

"అలాగేనమ్మా," అన్నాడు పాపం.

ఇంతవరకైతే నవ్వుకోవచ్చు. ముసలిదానికి మతి తప్పిందని నలుగురూ నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు. అసలు సంగతి ఇది కాదు. దీనికోసమైతే మెట్లెక్కేదాన్ని కాదు.

ఫోన్ పెట్టేశాక, ఆయన్ని రెండు మాటలు గట్టిగా అననందుకు వెలితిగా అనిపించి, ఆధారం ఒకసారి కళ్ళారా చూసుకుందామని నీ కోసం దాచిన పేపర్ల కట్ట విప్పాను. శుక్రవారానిది తీశాను. తెల్లగా ఉంది. రబ్బరు ముట్టని కాగితం, నిగనిగలాడుతోంది. చీపురు లేదు, కాకి లేదు. పూర్తిగా వేరే గళ్ళు. గురువారానిది తీశాను. చీపురు దగ్గర చిల్లు. రెండు రోజులూ కోడలు రాసి, తుడిచి, చీపురు రాసి, తుడిస్తే కాగితం మాత్రం ఎంతని ఓర్చుకుంటుంది?

నాకు తెలిసిపోయింది. సోమవారమే తెలిసిపోయింది. ఆయన నంబరు ఫోన్లోనే ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు.

నొక్కలేదు. కట్ట మళ్ళీ కట్టేసి, మర్నాడు నువ్వు రాగానే ఏమీ ఎరగనట్టు చేతికిచ్చాను.

ఎందుకంటే ఏం చెప్పను? మన అత్తగారు చివరి రోజుల్లో భోంచేసిన పావుగంటకే కంచం ముందుకొచ్చి కూర్చునేది, గుర్తుందా? రెండోసారి ఆకలి కూడా నిజంగానే వేసేది ఆవిడకి. నాకు ఆవిడే కళ్ళముందు కదిలింది. ఈ మాట బయటికొస్తే పెద్దాడు నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తాడా? వీధి చివరి కొట్టుకి ఒంటరిగా పంపిస్తాడా? ఎవరో ఒకరు మర్చిపోవాలి కదా, ఆయనే ఒప్పుకున్నాడు కదా, ఆయన్నే మర్చిపోనీ అనుకున్నాను. నా మతిమరుపు తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టి, మూడు రోజులు హాయిగా నిద్రపోయాను. హాయిగా కాదులే. పడుకున్నాను.

ఇవాళ పేపర్లో గళ్ళ కింద రెండు వరసలు పడ్డాయి, చూశావా? సోమవారం నుంచి ఈ శీర్షిక ఉండదట. ఆ మనిషి ఇప్పుడు ఇంట్లో కూర్చుని పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా అని ఒకటికి పదిసార్లు లేచి చూసుకుంటూ ఉంటాడు. ఏ జబ్బూ లేని మనిషి. నాకు తెలుసు అది ఎలా ఉంటుందో. నేను రోజూ చూసుకుంటాను.

అందుకని ఇదుగో, ఉత్తరం. ఫోన్లో చెబుదామంటే మధ్యలో గొంతు మారిపోయి మళ్ళీ ఇంకేదో సలహా చెప్తానని భయం. పెద్దాడి చేత ఈ సాయంత్రం పంపిస్తే రేపటికి పేపరాఫీసులో ఉంటుంది. వాడు చదువుతాడు, తెలుసు. చదవనీ. పొయ్యి సంగతి తర్వాత చూసుకుందాం.

తప్పు నాదేనని రాశాను. అచ్చు వేసినా అభ్యంతరం లేదన్నాను. అచ్చు వేయకపోతే బాగుండునని మనసులో ఉంది, అది రాయలేదు.

మాటలు దిద్దకు. పేర్లు మాత్రం ఒక్కసారి చూసిపెట్టు. మొదటిది ఆ పేజీ అమ్మాయిది, ఫోన్లో విన్నది విన్నట్టు రాశాను. రెండోది ఆయనది. ఇన్నేళ్ళూ గళ్ళ కింద సన్నటి అక్షరాల్లో పడుతూనే ఉంది, ఇవాళే భూతద్దం పెట్టి చదివాను. మూడోది సాక్షి పేరు, రెండు రోజుల గళ్ళూ వేరువేరని చెప్పడానికి. అంటే నీది.

చెల్లీ చెల్లీ అని పిలిచి పిలిచి, రాయబోతే చెయ్యి కాసేపు ఆగింది. రాశాననే అనుకుంటున్నాను. ముందు అదే చూడు.