ఎడమ ఇంజన్ దాహం

చాంద్రాయణగుట్టలోని బర్రెల కొట్టంలో తల్లి పాలు పిండుతోంది. విమానాల మెకానిక్ అయిన కొడుకు డ్యూటీ దిగి వచ్చి, గోడకు ఒరిగాడు.

"అమ్మా, ఒక్కటే విమానం, ఒక్క తీరు ఇంజన్లు. ఎడమది మాత్రం మస్తు ఆయిల్ తాగుతది."

"ఎందుకట్ల?"

"లోపలి సీలు అరిగిందని రాసిచ్చిన. రేపు ఇంజన్ విప్పుతరు."

"ఆయిల్ ఎప్పుడు చూస్తవ్?"

"విమానం ఆగంగనే కుడిది చూస్త. తర్వాత ఎడమది."

"ఎంబడేనా?"

"నడుమ చాయ్ తాగొస్త."

"నీ చాయ్‌కి గంట పడ్తది."

"దోస్తులుంటరు కద."

"పాలు పిండంగనే కొలిస్తే ఒక లెక్క, గంటకు నురుగు దిగినంక ఇంకో లెక్క. నీ ఆయిల్ దిగదా?"

"దిగుతది. ట్యాంకులోంచి కొంచెం కిందికి, ఇంజన్ అడుగుకు పోతది. అందుకే తక్కువ కనవడ్తది."

"నువ్వు మల్ల పోస్తవ్."

"పోస్త. ఇంజన్ తిరగంగనే కిందికి పోయింది వాపస్ వస్తది, ఎక్కువైంది బయటికి..."

"ఆగినవేంది?"

"రాసిచ్చింది వాపస్ తీసుకోవాలె అమ్మా. రేపటిసంది ఎడమదే ముందు చూస్త."

"మరి చాయ్?"

"చాయ్ ఎట్ల మానాలె?"

"మానకు బిడ్డా. ఎల్లుండికి కుడిది తాగుడు మొదలువెడ్తది."