నీళ్లున్నన్ని దినాలు

హలో… ఆ, మీ గేటు కాడికెల్లే మాట్లాడుతున్న. మీరు అడగకముందే ఒప్పుకుంటున్న, మీ గేటు తాళం పగలగొట్టింది నేనే.

…

ప్రిస్కిల్లా. తెప్పల దానమ్మ బిడ్డను… ఆ, గా కంప్యూటర్ చదువు చదివిన పిల్లనే. మీరు మదన్ మోహన్ సార్ అని నాకు తెల్సు. నంబర్ మీ గేటు మీదనే ఇంతింత అక్షరాలల్ల రాసి ఉంది గద. ‘కొత్తచెరువు లేక్ వ్యూ, పెళ్లిళ్లకు, బర్త్‌డేలకు సంప్రదించండి’ అని. సంప్రదిస్తున్నం.

…

లేదు, నాకెవ్వరు చెప్పలే. సుత్తె కూడ మా ఇంట్లదే. ఖయ్యూం చాచాను ఏమనకుండ్రి, ఆయన నమాజ్‌కు పోయినంకనే కొట్టిన. వాచ్‌మన్ ఉండంగ కొడితె ఆయన నౌకరీ పోతదని గంత మాత్రం తెల్వదా నాకు?

—ఓ, కెమెరల కనబడుతున్ననా? యాడుంది కెమెరా… ఆ, గా లైటు కింద. నమస్తే సార్.

…

కట్టినం. మీ గజీబో మండపం స్తంభాలకే తెప్పలు కట్టినం. గట్టిగున్నయ్, మంచి సిమెంటు వాడిండ్రు.

…

గలీజ్‌గ ఉన్నయా? థర్మకోల్ తెప్పలు సార్. సంచులల్ల కుట్టి, కింద కట్టెలు కట్టి చేసుకుంటం, గట్లనే ఉంటయ్. పెళ్లి ఫోటోలల్ల పడుతున్నయంటె కెమెరా పెట్టెటోన్ని జర పక్కకు జరగమనుండ్రి.

…

ట్రెస్‌పాసింగా. మంచిది. నేనిప్పుడు యాడ నిలబడ్డ, చెప్పుండ్రి?… కాదు, జర దగ్గరికి జూమ్ చేసి చూడుండ్రి… ఆ. మోకాళ్ల దాక నీళ్లు. మీ జాగల నేను లేను సార్, మా చెరువుల మీ గజీబో ఉంది.

…

నవ్వుతలేను. నవ్వే సంగతి కాదిది. పోయిన మంగళారం ఏమైందో మీకెవరన్న చెప్పిండ్రా?… చెప్పరు.

మీరు తాళమేసినంక మావోళ్లు తెప్పలు యాడ ఆపాలె? ఒకదిక్కు కట్ట, రాళ్లు నిలువుగ ఉంటయ్. ఇంకోదిక్కు తుమ్మకంప. మిగిలింది తూము పక్కన బురద. మొరం ఉండి, కాలు పెడితె నిలబడేది మొత్తం చెరువుల గిదొక్కటే రేవు. మంగళారం పొద్దుగాల మా అమ్మ బురదల దిగింది. నడుం దాక దిగబడ్డది సార్. ముగ్గురు గుంజితె బయటికొచ్చింది. యాభై ఆరేండ్ల మనిషి. ఒక చెప్పు ఇంక అండ్లనే ఉంది. బయటికొచ్చినంక నాతోని ఏమన్నదంటె— ఇగ చెరువుకు పోను బిడ్డా అన్నది. పెండ్లయిన కాడికెల్లి చెరువుకు పోయే మనిషి, గట్లన్నది.

…

మీరు అయ్యో అంటె చెప్పు రాదు సార్.

…

పట్టా ఉంది, ఎవరు కాదన్నరు? శిఖం పట్టా. అంటె ఏందో మీకు అమ్మిన పటేలు చెప్పలేదా?… నేను చెప్త, ఫ్రీగనే. నీళ్లు దిగినంక మీ భూమి, దున్నుకోండ్రి, దోసకాయ పెట్టుకోండ్రి. నీళ్లు ఎక్కినంక మా చెరువు, తెప్ప కట్టుకుంటం. మా తాత కాలం కాడికెల్లి గిట్లనే నడుస్తుంది. ఎవ్వరు కొట్లాడలే.

…

ఏ నెలల చూసిండ్రు మీరు భూమిని?… ఏప్రిల్. మ్యాప్ గూడ ఫోన్ల చూసిండ్రు, అవునా?… నాకెట్ల తెల్సంటె, గా శాటిలైట్ ఫోటో నేను గూడ చూసిన. అండ్ల చెరువు ఇస్తరాకంత ఉంది. ఎండకాలం ఫోటో సార్. కంప్యూటర్ల తప్పులు దొరకబట్టుడే నా నౌకరీ, గింత పెద్దది మాత్రం ఎన్నడు దొరకలే.

…

సరే, మర్యాదగనే మాట్లాడుత. ఒకటి అడుగుత, నిజం చెప్పుండ్రి. జూలైల మీ ఇంటికి ఒక కొర్రమట్ట చేప వచ్చింది. తామరాకుల చుట్టి తెచ్చిండ్రు. యాదికుందా?

…

మస్తుగుండెనా? పులుసు పెట్టుకున్నరా, ఏపుకున్నరా?… పులుసు. మంచిది.

సార్, గది లంచం కాదు. దోస్తీకి ఇచ్చింది గూడ కాదు. చెరువు నిండంగనే మొదటి వలల పడ్డ కొర్రమట్టను పట్టాదారు ఇంటికి పంపుతం. ఆయన తీసుకుండంటె నీళ్లున్నన్ని దినాలు రేవు మాకు ఇచ్చినట్టు. మళ్ల నీళ్లు దిగినంక ఆయన పెట్టిన మొదటి దోసకాయలు మాకు పంపుతడు. అవి మేం తీసుకుంటె ఇగ భూమి ఆయనది. పటేలు ఎన్నడన్న అలిగిండనుకోండ్రి, చేపను వాపస్ పంపేటోడు. గప్పుడు కూసోని మాట్లాడుకునేటోళ్లు.

మీరు వాపస్ పంపలే. పులుసు పెట్టుకున్నరు.

…

తెల్వక తిన్నరు, ఒప్పుకుంట. కానీ తిన్నరు.

…

కోర్టుల చెల్లదేమో. నేను కోర్టుకు పోతలేను. మీకు చెప్తున్న.

…

ఏంది? మళ్ల చెప్పుండ్రి… మేనేజర్ నౌకరీ. నాకు. మీ దగ్గర బుకింగులు చూసుకునేది… మావోళ్లకు టోపీలు, లైఫ్ జాకెట్లు… కొత్త జంటలను తెప్పల మీద తిప్పాలె. అప్పుడైతె రేవుల కట్టుకోనిస్తరు.

సార్, మా అమ్మ తెప్ప మీద మా అమ్మ ఒక్కతే పట్టుతది. పెండ్లికొడుకును ఎక్కిస్తె ఇద్దరు మునుగుతరు, ఫోటోగ్రాఫర్ ఒక్కడు మిగులుతడు.

…

వద్దు. ఆలోచించేది లేదు. అడిగి ఇప్పించుకునే జాగ కాదిది.

…

సంతకమా? ఎవరి సంతకం?

…

ఎవరు?

…

సాల్మన్ రాజు… ఆ. చేపల సంఘానికి ప్రెసిడెంటే… మా పెద్దబాపే. మా బాపుకు సొంత అన్న.

…

పంపుండ్రి వాట్సాప్‌ల. కట్ చెయ్యకుండ్రి, స్పీకర్ పెట్టి చూస్త.

…

వచ్చింది.

…

చదువుతున్న సార్, ఆగుండ్రి. ఇంగ్లీషుల ఉంది.

…

‘కొత్తచెరువు రేవు మీద సంఘానికి ఉన్న అన్ని హక్కులు శాశ్వతంగ వదులుకుంటున్నం.’

…

సంతకం పెద్దగ చేసి చూస్తున్న, ఆగుండ్రి.

…

ఆయన సంతకమే. ‘జు’ కొమ్ము గంత పొడుగు ఇంకెవ్వరు గుంజరు.

…

గర్వపడకుండ్రి. జర నన్ను చెప్పనియ్యుండ్రి. తారీఖు చూడుండ్రి, మే పన్నెండు. గా దినం పెద్దబాపు ఇంటికొచ్చి ఏం చెప్పిండో తెల్సా? మదన్ మోహన్ సార్ కరెంటు పోలు ఏసుకుంటడట, సంఘానికి ఏం ఇబ్బంది లేదని రాసిచ్చిన అన్నడు. మేమందరం అన్నం తింటున్నం అప్పుడు. మీరు గదే చెప్పిండ్రు గద ఆయనకు? కరెంటు పోలు అని?

…

అడుగుతున్న, చెప్పుండ్రి.

…

‘ఆయన చదువుకొని సంతకం పెట్టాలె గద’ అంటుండ్రు. ఐదో తరగతి సార్ ఆయన, తెలుగు మీడియం.

ఇంకోటి. మే నెలల రేవును వదులుకున్న మనిషి, జూలైల చేప పట్టుకొని మీ గడపకు ఎందుకొచ్చిండు? తెచ్చింది ఆయననే. తలకు రుమాలు కట్టుకొని, ఉతికిన అంగీ తొడుక్కొని తెచ్చిండు. మీ చేతులనే పెట్టిండు. వదులుకున్నోడు గట్ల తెస్తడా?… మీరు గప్పుడన్న చెప్పిండ్రా, రాజూ, నువ్వు అంతా రాసిచ్చినవ్ అని? చేప తీసుకొని తలుపు పెట్టుకున్నరు.

…

ఇంట్లనే ఉన్నడు. మీరు తాళమేసిన కాడికెల్లి ఎవ్వరితోని మాట్లాడుతలేడు. రెండు ఆదివారాలు చర్చికి గూడ రాలే. కాళ్లు నొస్తున్నయనుకున్నం. ఎనుక అర్రల కూసోని చినగని వలను అల్లుతుండు… గిప్పుడు సమజైంది నాకు.

…

నాకు సిగ్గెందుకు? ఆయనకు గూడ ఎందుకు? నమ్మిండు, గంతే.

…

పంపుండ్రి పోలీసులను. పంచనామా రాస్తె ఇంత లోతుల నిలబడే రాయాలె, బూట్లు ఇప్పి రమ్మనుండ్రి. సర్వే ఆయనను గూడ పిలిపియ్యుండ్రి, చెరువు హద్దు రాయి మీ గేటుకు యాడున్నదో చూపిస్త. లోపట కాదు సార్. మీ గేటుకు అవతల, రోడ్డు దిక్కు.

…

ఆ, రోడ్డు దిక్కే. రికార్డుల చూసుకోండ్రి.

…

నేనొక్కదాన్నే కాదు, సంఘంల అందరిది గిదే మాట. మా అమ్మ గూడ వచ్చింది. గట్టు మీద కూసుంది, ఇంక దిగలే. నేను బలవంతం చేస్తలేను. దిగాలనిపిస్తె ఆమెనే దిగుతది.

…

ఒక్క నిమిషం సార్.

…

తూము దిక్కుకెల్లి ఎవరో తెప్ప ఏసుకొని వస్తుండ్రు.

…

పెద్దబాపు.

…

నేను పిలవలే. ప్రమాణంగ. ఎవ్వరు పిలవలే.

…

నిలబడే నడుపుతుండు, గెడతోని. డెబ్బై దగ్గరికొచ్చినయ్ ఆయనకు… నేనెట్ల ఆపుత? మీరాపుండ్రి, మైకు ఉందంటిరి గద కెమెరాకు.

…

వచ్చిండు. ఆగుండ్రి.

పెద్దబాపూ, మదన్ మోహన్ సార్ లైన్ల ఉన్నడు. కాగితం పంపిండు, చూసిన… ఏం కాదు పెద్దబాపు. ఏం కాదంటున్న గద… మాట్లాడుతవా?

…

మాట్లాడడట సార్.

…

లేదు, స్పీకర్ల ఉన్నరు, మీరు అనేది ఆయనకు వినబడుతుంది… ఆ, సంతకం ఆయనదేనా కాదా అని అడుగుతుండ్రు. పెద్దబాపూ, అడుగుతుండు.

…

సార్, చెప్పమంటుండు. సంతకం నాదే అంటుండు. రేవు నాది కాదు గద, నేనెట్ల ఇస్త అంటుండు.

…

గంతే అన్నడు. నేనేం కలపలే.

…

మా అమ్మ లేస్తుంది.

…

సార్, మీరు చెప్పేది చెప్పుకోండ్రి, ఫోన్ మీ గజీబో బెంచీ మీద పెడుతున్న. పెద్దబాపు తాడు అందిస్తుండు, అమ్మకు చెయ్యి ఇయ్యాలె. రెండు చేతులు కావాలె నాకు.