ఆదివారం అరిగే చెంచా

"ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ కొట్లో తాళాలన్నీ వాటంతటవే ఊడిపడాలి!" అని మొదలుపెట్టాడు తాళాలాయన.

తాళాలు బాగుచేసి, పోయిన తాళంచెవులకి మారు చెవులు చేసే ఆయన్ని మా వీధిలో అందరం అలాగే పిలుస్తాం. ఆ సాయంత్రం ఆయన కొట్టు ముందు బల్ల మీద మా వీధి బడి మాస్టారూ, పక్క కొట్లో బట్టలు కుట్టే నేనూ కూర్చున్నాం. తాళాలాయన భార్య రక్తపరీక్ష రిపోర్టు ఆ రోజే రావాలి. ల్యాబులో పనిచేసే బావమరిది తెస్తానన్నాడు. అతను వచ్చేదాకా ఈయన నోరు మూతపడదని మాకు తెలుసు.

"మూడు నెలల క్రితం డాక్టరేమన్నాడు? అమ్మా, నీకు షుగరు రెండొందల ఎనభై ఉంది, ఇలాగే వదిలేస్తే కళ్ళ మీదికొస్తుంది, ఇంటిల్లిపాదీ తిండి మార్చుకోండి అన్నాడు. నేను ఆ పూటే ఇంటికెళ్ళి చక్కెరా, నూనే, బిస్కెట్లూ అన్నీ మూటగట్టి అటకెక్కించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా అమ్మాయి అన్నం మీద అలిగింది, మా అత్తగారు పెట్టె సర్దుకున్నారు, మా ఆవిడ నాతో మాట మానేసింది. అప్పుడు తట్టింది నాకు. ఒరే, నువ్వు తాళాలవాడివి కదా, చెవిని ఒక్కసారే కోసిపారేస్తావా? కాస్త రాస్తావు, తాళంలో పెట్టి చూస్తావు, మళ్ళీ కాస్త రాస్తావు. తిండీ అంతే! మూట మళ్ళీ కిందికి దించాను, పట్టుబట్టాను. ఆవిడ కళ్ళు పోవడానికి వీల్లేదు."

"అయితే ఏం చేశావ్?" అన్నాను నేను.

"చక్కెర డబ్బాలో చెంచా ఉంటుందే, దాన్ని ఆదివారం పొద్దున్నే జేబులో వేసుకుని కొట్టుకు తెచ్చాను. ఆకురాయితో అంచు చుట్టూ వెంట్రుకవాసి అరగదీసి, చడీచప్పుడు లేకుండా మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. పై ఆదివారం ఇంకో వెంట్రుకవాసి. ఆరు వారాలకి ఆ చెంచా నా చిటికెన వేలి గోరంతైంది. ఇంట్లో ఒక్క నాలుకైనా పసిగట్టిందా? లేదు!"

"ఆరు వెంట్రుకవాసులకే గోరంత అయిపోయిందా?" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, లెక్కలు బళ్ళో చెప్పండి, ఇక్కడ వినండి. తర్వాత నూనె గరిటె పట్టాను. దాని గుంటలో వారానికో రేకు ముక్క అతికించుకుంటూ పోయాను. గుంట పూడింది, గట్టుదేలింది, చివరికి బోర్లించిన గిన్నెలా ఉబ్బింది. ఇప్పుడు దాన్ని సీసాలో ముంచితే నూనె రావడం మాట దేవుడెరుగు, గరిటెకి అంటిన పాత నూనె కూడా సీసాలోకే పోతోంది. మూడు నెలల నాడు కొన్న సీసా, నిన్న చూస్తే నాలుగు వేళ్ళు పెరిగింది!"

"ఆ సీసా నాకోసారి అప్పివ్వు," అన్నాను.

"ఎగతాళి చెయ్యకు. బిస్కెట్ల డబ్బాకి నా చేత్తో తాళం చేసి వేశాను. తియ్యొద్దని ఎవర్నీ అన్లేదు, చెవి డబ్బా మీదే పెట్టాను. వారం వారం తాళంలో ఇంకో మెలిక కలుపుతాను, అంతే. డబ్బా పక్కన తాళం లేని గిన్నెలో క్యారెట్లు. మొదటివారం రెండు నిమిషాల్లో తెరిచింది మా అమ్మాయి. ఎనిమిదో వారానికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ ఖాళీ నోటితో కూర్చుంటుందా? బుట్టెడు క్యారెట్లు నమిలేసింది. ఇప్పుడా పిల్ల మేడ మీద నిలబడి ఊరవతల స్టేషను గడియారంలో సెకన్ల ముల్లు చూసి చెబుతోంది."

"మధ్యలో మూడంతస్తుల ఇళ్ళున్నాయి కదయ్యా!"

"అదే నేనూ అడిగాను మాస్టారూ. కిటికీల్లోంచి చూస్తానంది. ఇక మా అత్తగారు. డెబ్భై రెండేళ్ళు, రెండు మెట్లెక్కితే ఆయాసం. వేపుళ్ళు తగ్గాయి, ఆకుకూరలు పెరిగాయి, రోజుకో మెట్టు ఎక్కువ ఎక్కించాను. పోయిన వారం ఎంత హుషారుగా ఎక్కారంటే, మెట్లు అయిపోయాయన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఇంకో నాలుగడుగులు గాల్లో వేశారు. నేను కింద నుంచి కేకేస్తే అప్పుడు చూసుకుని దిగొచ్చారు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను బల్ల గట్టిగా పట్టుకున్నాను.

"చీమలు మా వంటింట్లోకి వరసగా వచ్చి, ఆ చెంచా చూసి, ఒకదాన్నొకటి ఓదార్చుకుంటూ వెళ్ళిపోయాయి. ఎక్కడికో తెలుసా? డాక్టరు గారింటికి! ఆయన పరిగెత్తుకుంటూ ఇదే బల్ల దగ్గరికొచ్చి, అయ్యా, మీ వీధిలో నాకు రోగులు లేకుండా చేశావు, ఉన్న చీమల్ని కూడా నా ఇంటికే తోలావు, పోనీ మా ఇంటి చెంచా కూడా కాస్త అరగదీసిపెట్టు అని చేతులు పట్టుకున్నాడు. ఇవాళ మా ఆవిడ రిపోర్టు చూడండి, మిషను అంకె చూపించలేక సున్నా వేసుంటుంది!"

"సున్నా అయితే మనిషి ఉండదు బావా," అన్న మాట వెనక నుంచి వచ్చింది. బావమరిది. చేతిలో కవరు. ఎప్పుడొచ్చాడో మేం చూడనేలేదు.

"ఎంతొచ్చింది?" తాళాలాయన గొంతు అప్పటికప్పుడు సన్నబడింది.

"చెబుతాను. ముందు ఆ చెంచా సంగతి. అక్కకి అది మొదటి ఆదివారమే తెలిసిపోయింది. ఆకురాయి పెట్టిన అంచు తళతళలాడుతుంటే కనబడదా?"

"తెలిస్తే మరి ఊరుకుందేం?"

"ఊరుకోలేదు. ఇంట్లోవాళ్ళకి వేరే చెంచా తీసింది. నువ్వు అరగదీసింది నీ టీలోకి మాత్రమే వాడుతోంది."

నాకిక నవ్వాగలేదు. "అయితే పసిగట్టని నాలుక ఇంట్లో ఒక్కటే, అది నీదే!" అన్నాను.

"నాకెందుకు? నాకేం రోగం?" అన్నాడు తాళాలాయన ఉక్రోషంగా.

"ఏ రోగమూ లేదని నీకెవరు చెప్పారు? మీ నాన్నగారు ఈ షుగరుతోనే పోయారు. పరీక్ష చేయించుకోమని అక్క ఏడాదిగా మొత్తుకుంటోంది, నువ్వు చెవిన పెట్టావా? చెబితే వినడు, ఆయన పద్ధతిలోనే ఆయన్ని దారికి తెస్తాను అంది. తన టీలో వారానికో చిటికెడు తనే తగ్గించుకుంది. అమ్మనీ, పాపనీ పక్కన కూర్చోబెట్టుకుని నూనె కొలిచింది. రెండొందల ఎనభై ఇప్పుడు రెండొందల ముప్పైకి దిగింది. డాక్టరుకి చూపించే వస్తున్నాను, ఇంకా చాలదు, కానీ ఇలాగే వదలకుండా సాగించమన్నాడు."

నేను నవ్వడం ఆపేశాను. తాళాలాయన కవరు తీసుకుని, విప్పి, ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఆయనకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. దాచుకోవాలని కూడా చూడలేదు.

"పిచ్చిది," అన్నాడు. "తన కళ్ళ గురించి నేను బెంగపడుతుంటే, ఇది నా గురించి బెంగపడుతోందా!"

లేచి కొట్టు తలుపులు మూశాడు. ఇంకా వెలుతురుంది, అంత పెందలాడే ఆయన కొట్టు కట్టెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ ల్యాబులో రక్తం ఎన్నింటికి తీస్తారోయ్?" అనడిగాడు బావమరిదిని.

"పొద్దున ఆరింటికి. పరగడుపున రావాలి."

"అక్కకి చెప్పు, రేపు తన చెయ్యి పట్టుకుని వస్తాను. సూదంటే నాకు భయం, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎంతొస్తే అంతే చెప్పు. నేను ఒక్క అంకె కూడా కలపను."