విప్పిన ఊలు

జ్ఞానస్నానానికి చర్చికి బయల్దేరే ముందు, పాప పడుకునే గది. బాలింత, ఆమె భర్త అక్కయ్య.

"తలుపెందుకు వేశారు వదినా? పాపకి ఉక్కపోస్తుంది."

"పోయనీ. ఇప్పుడు చెప్పు. నిన్నటిదాకా పాపకి జ్ఞానతల్లిని నేను. తెల్లారేసరికి కిందింటి టీచరమ్మ ఎలా అయింది?"

"అదీ... మీకు నడుం నొప్పి కదా. ఫాదర్ గారు నీళ్ళు పోసి ప్రార్థన ముగించేదాకా పాపని ఎత్తుకుని నిలబడాలి కదా అనీ..."

"నాకు నడుం నొప్పా? ఎవరు చెప్పారు?"

"ఆయనే అన్నారు."

"వాణ్ణి అడిగే వస్తున్నాను. 'నాకేం తెలీదక్కా, మీరూ మీరూ చూసుకోండి' అని గడ్డం గీసుకునే వంకతో బాత్రూంలో దూరాడు."

"అయితే అత్తయ్య అన్నారేమో."

"అమ్మేమో నిన్నడగమంది. బాగుంది. నా నడుం నొప్పి ఇంటిల్లిపాదికీ తెలుసు, నాకు తప్ప."

"కూర్చోండి వదినా, టీ తెస్తాను. అయ్యో, ఆ కుర్చీలో కాదు, అక్కడ కుందేళ్ళున్నాయి."

"కుందేళ్ళేంటే?"

"ఊలువి. వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి ఇద్దామని..."

"బాలింతవి, కాస్త నడుం వాల్చవే అంటే వినవు. నిన్నిలాగే వదిలేస్తే గ్యాస్ సిలిండరుకి కూడా స్వెటర్ అల్లి తొడుగుతావు."

"చేతులూరుకోవు వదినా."

"సరే, నీళ్ళు నమలకు. పాపనిటివ్వు."

"నిద్రపోతోంది."

"కళ్ళు తెరుచుకునా?"

"ఇప్పుడే... ఇప్పుడే లేచినట్టుంది."

"ఆ తువ్వాలు మెడదాకా చుట్టావేం? ఉక్కపోస్తుందన్నది నువ్వేగా?"

"గౌను నలిగిపోతుందని."

"నువ్వల్లిన గౌనేగా? చూపించు."

"చర్చిలో చూద్దురుగాని."

"ఎక్కణ్ణించి? చివరి బెంచీలోంచా?"

"అలా అనకండి వదినా."

"అనకపోతే మాత్రం నాకు తెలీదా? ఇది కన్నబిడ్డని దక్కించుకోలేనిది. దీని చేతుల్లో పెడితే మన పిల్లకేమవుతుందోనని. అంతేగా?"

"ఛ ఛ! అలా అనుకుంటే నా కళ్ళు పోతాయి వదినా!"

"మరి?"

"మీ ముందు నిలబడ్డానికి నాకే మొహం చెల్లట్లేదు."

"నాకంటే నీకా? ఎందుకూ?"

"తువ్వాలు తీస్తాను. తిట్టండి, కొట్టండి, పడతాను. ఏడవకండి, అంతే."

"తియ్యి."

"చూశారా, పోగు ఎలా వంకర్లు తిరిగిందో? విప్పిన ఊలు. తడిపి, బరువు కట్టి ఆరేస్తేగానీ సాపవదు. నేనేమో తొందరపడి అలాగే అల్లేశాను."

"అల్లితే ఏం? పాత స్వెటర్లు విప్పి అల్లడం నీకు అలవాటేగా."

"స్వెటర్ కాదు. శాలువా. చిన్నది. తెల్లది."

"ఊఁ."

"నా బుట్టలో పాతవాటితో కలిసి ఉంది. అందరూ ఇచ్చినవాటిలో ఇదీ ఒకటనుకున్నా. ఎవరిదని అడగలేదు. ఊలు వెన్నలా ఉందని సంబరపడిపోయి, కొస పట్టుకుని లాగాను. నిన్న మిగిలిన మూల చూసి అత్తయ్య నోరు నొక్కుకున్నారు. పసుపు బాతు ఉన్న మూల."

"బాతు."

"'నీ దుంపతెగ, అది నా కూతురు కడుపుతో ఉండగా అల్లుకున్నదే! ఇన్నేళ్ళూ పెట్టెలో దాచుకుంది' అన్నారు. నా తల కొట్టేసినట్టయింది. ఇక్కడే, ఈ మంచం మీదే కూర్చుని విప్పాను వదినా. కూనిరాగం తీస్తూ! మీ బిడ్డ శాలువా వరస వెంట వరస లాగేస్తూ కూనిరాగం తీశానంటే, నేను మనిషినేనా?"

"ఊరుకో. పాప బెదురుతోంది."

"మీరు పాపని ఎత్తుకుంటే గౌను చేతికి తగులుతుంది. మీరల్లుకున్న ఊలు మీకు తెలీకపోదు. అందరి ముందూ తెలిస్తే మీరేమైపోతారు? ఇంకో గౌనా, లేదు. మీకు చెప్పాలా, నోరు రాలేదు. సిగ్గేసి... సిగ్గేసి మిమ్మల్నే తప్పించాను. తప్పు నాది, శిక్ష మీకు."

"మిగిలిన మూల ఏది?"

"దిండు కింద. ఇదిగో. మళ్ళీ అల్లి ఇస్తాను వదినా, అచ్చం అలాంటిదే..."

"అలాంటిది ఎవరికి కప్పను? దీన్నిటివ్వు. పిల్లనీ ఇవ్వు. అబ్బో, ఎంత బరువుందే నా మేనకోడలు! నా నడుం నొప్పి ఎవరికి చెప్పుకోను?"

"వదినా, మీకు కోపం రాలేదా?"

"మెడ దగ్గర కొంచెం బిగుతుగా అల్లావు. మిగతాదంతా బాగుంది."

"నిజంగా కోపం లేదా?"

"కోపమా? టీచరమ్మ సంగతి వినగానే నా దొంగతనం బయటపడిపోయిందనుకున్నాను. పొద్దుట్నుంచీ మీ ఎవరి కళ్ళల్లోకీ చూడలేక చస్తున్నాను."

"మీ దొంగతనమేంటి?"

"బయట అమ్మ పిలుస్తోంది. కారొచ్చినట్టుంది, పద."

"మీ దొంగతనమేంటి వదినా?"

"ఆ పెట్టె తాళంచెవి నా మెళ్ళోనే ఉంటుంది కదే పిచ్చిదానా. పోయిన బిడ్డది నీ బిడ్డకి చేత్తో ఇవ్వడానికి మొహం చెల్లక, నువ్వు నిద్రపోతుంటే వచ్చి నీ బుట్టలో దూర్చి పోయింది నేనే."