ఓర్పు ఉందా?

1958 వేసవి. జమ్మలమడుగు తాలూకా కచేరీ ముందర, అర్జీలు రాసే పెద్దాయన ఎదుట నేతపని చేసే ఒక ఆమె కూర్చుంది. పిల్లల ఆసుపత్రిలో ఆయా పనికి అర్జీ రాయించుకుంటోంది.

"పేరూ ఊరూ అయిపోయినాయి. ఇంగ నీ గురించి నువ్వే చెప్పల్లంట. ఒళ్లు గట్టిదేనా?"

"మగ్గం నేసిన ఒళ్లన్నా. గట్టిదే."

"రోగమొచ్చిన పిల్లోళ్లను చూసుకునేది తెలుసునా?"

"తెలుసు. నా కూతురు సైదున్నీసాను మూడు నెలలు చూసుకున్నా."

"ఓర్పు ఉందా?"

"లేదని రాయి."

"అట్ల రాస్తే పని ఇయ్యరమ్మా. అందురూ ఉందనే రాయిస్తారు."

"నాకు లేదన్నా. ఆ పొద్దు పాప గంజి మూడుసార్లు కక్కింది. నాలుగోసారి నా మీదనే కక్కితే చెంప మీద ఒకటి కొట్టినా. అది ఏడవల్యా. 'నేనే తుడుస్తాలే అమ్మీ' అనింది. సాయంత్రానికి పాణం పోయింది."

పెద్దాయన కలం కింద పెట్టాడు.

"ఎన్నేండ్లమ్మా పాపకు?"

"ఆరు."

"మూడు నెలల్లో ఎన్నిసార్లు కొట్టింటావు?"

"ఆ ఒక్కసారే."

"అయితే ఉందనే రాస్తాను."

"వద్దన్నా. అబద్ధం రాయించుకోని ఆ పిల్లోళ్ల కాడికి యా మొగం పెట్టుకోని పోవల్ల?"

"సరే, లేదనే రాస్తా. దాని పక్కన ఇంకొక మాట రాస్తా. ఇంగ ఏ బిడ్డనూ కొట్టదు అని."

ఆమె కింద పెట్టిన కలం తీసి ఆయన చేతికిచ్చింది.

"అది రాయన్నా. అది నిజమే."

వేలిముద్ర కోసం బొటనవేలు ముందుకు చాపింది.