గుర్వయ్య సాటింపు

ఏం బిడ్డా హరితా, సర్పంచివైనంక మా గడప తొక్కుడే బందు వెట్టినవ్. కూసో. చేతుల ఆ కాగితమేంది? మైకుల నేను చదవాల్నా? 'కాలిపోయిన మోటరు బాగైంది, రేపు పొద్దుగాల నల్లాలొస్తయి.' మంచిదే. నా గొంతయితే ఊరు నమ్ముతదంటవా? ఊరు నమ్మిన గొంతు నాది గాదు బిడ్డా, డప్పు గుర్వయ్యది. ఆయన పోయి తొమ్మిదేండ్లాయె. నువ్వప్పుడు హైదరాబాద్‌ల చదువుకుంటుంటివి, నీకేం యాదికుంటది. మైకు లేనప్పుడు ఊర్ల ఏ కబురైనా ఆయనే డప్పు కొట్టి సాటాలె. గడ్డిమంట మీద డప్పు కాపుకొని, మూలమలుపు కాడ నిలవడి మూడు దెబ్బలు కొట్టిండంటే, పొయ్యి మీద కూర మాడినా సరే ఆడోళ్లు బయటికొస్తుండ్రి. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం, అబ్బో, కల్వకుర్తి బస్సు హారన్ గూడ దాని ముందల తక్కువనే.

ఏం చెప్తున్న? ఆఁ, కరువు. తెలంగాణ వచ్చిన మల్లేడు. బోర్లన్నీ ఎండినయి. అప్పుడు నేను సర్పంచిని. తెల్లారితే నా వాకిట్ల బిందెలే. యాదలక్ష్మి లేదూ, కిరాణం దుకాణమామె, ఆమె నోరు నీకెరుకే గద, 'రఘుపతి పటేలా, ఓట్లకైతే ఇంటింటికి తిరిగితివి, ఇప్పుడు ఇంట్ల దాసుకుంటివా?' అని ఒకటే లొల్లి. నాకు తలకాయ తిరిగి, 'రేపు ట్యాంకరొస్తది, పోండ్రి' అన్న. అనేసిన, అంతే. గుర్వయ్యను పిలిచి సాటుమన్న. ఆయన 'ట్యాంకరాయనతోటి మాట్లాడినవా పటేలా?' అన్నడు. 'మాట్లాడుత తియ్యి, నువ్వయితే కొట్టు' అన్న. భుజం మీది డప్పు తీసి నా అరుగు మీద పెట్టిండు. 'నువ్వు తప్పు జెప్తే రెండు దినాలు తిట్టి ఊకుంటరు పటేలా. నా డప్పు ఒక్కపారి తప్పు జెప్తే, రేపు ఊరికి అగ్గంటుకుందని కొట్టినా ఎవ్వరు తలుపు తియ్యరు' అన్నడు. నాకు కోపమొచ్చింది. 'నువ్వు గాకపోతే ఇంకొకడు, పో' అన్న. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గయితది బిడ్డా.

డప్పు ఆడనే ఇడిసిపెట్టి పోయిండు. ఇగ రాడనుకున్న. మాపటికి వచ్చిండు, కాళ్లనిండ దుమ్ము. ఏడికి వోయిండనుకున్నవ్? గా ఎండల కల్వకుర్తికి, పది కిలోమీటర్లు, నడుసుకుంట! ట్యాంకరు ఇరుసు ఇరిగి షెడ్డుల ఉన్నదట. దాన్ని కంటితోటి చూసి, ఎప్పుడు బాగయితదో మేస్త్రీనడిగి, అప్పుడు తిరిగొచ్చిండు. డప్పు తీసుకొని మూలమలుపు కాడికి వోయిండు. 'ఇనుండ్రి, అందరు ఇనుండ్రి. రేపు ట్యాంకరు రాదు. ఎల్లుండి పొద్దుగాల వస్తది. ఉన్న నీళ్లు జర పైలంగ వాడుకోండ్రి.' నా పేరు ఎత్తనే లేదు, తిట్టలే, పొగడలే. నా మాట నమ్మి ఆఖరి బిందె బర్రెకు పొయ్యబోతున్న యాదలక్ష్మి, డప్పు ఇని, బిందె మీద మూత పెట్టుకున్నది. చెప్పినట్టే మూడోనాడు ట్యాంకరు వచ్చింది. ఆ మాపు నేనే ఆయన ఇంటికి వోయి, గడ్డిమంట కాడ పక్కన కూసున్న. తప్పయిందన్న. 'చాయ్ తాగుతవా పటేలా?' అన్నడు, గంతే.

ఐదేండ్లు సర్పంచిగిరీ చేసిన అని నేను ఎన్నడన్న చెప్పుకున్ననా? గుర్వయ్య ఉన్న ఊరు మాదని మాత్రం ఏడికి వోయినా ఛాతి ఇరుసుకొని చెప్త. ఆయన పోయినప్పుడు మైకుల నేనే చెప్పిన. చెప్పేముందల ఇంటికి వోయి, కంటితోటి చూసి, చెయ్యి పట్టుకొని చూసి, అప్పుడు చెప్పిన...

గది సరే గానీ, మోటరు బాగైందన్నవ్ గద. నీళ్లు పోస్తుంటే నువ్వు చూసినవా? ఫోన్ల చెప్పిండ్రా? పా మరి, నా చెప్పులు గా తలుపు సందుల ఉంటయి, ఇటియ్యి.